ముందు స్టఫర్, తర్వాతే గ్రైండర్: ఇంట్లో సాసేజ్ సామాను మార్చుకున్న నా అనుభవం

ఇంట్లో సాసేజ్ (పేగులో మసాలా కీమా నింపి చేసేది) చేసుకునేవాళ్ళు సామాను మార్చాలనుకోగానే చూసేది గ్రైండర్ల, అంటే మాంసాన్ని కీమా కొట్టే యంత్రాల ధరలే. నేనూ అవే చూశాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే మాత్రం తడుముకోకుండా చెబుతాను: చేతిలో ఒక్కదానికే డబ్బుంటే కీమాని పేగులో నింపే స్టఫర్ కొనండి, గ్రైండర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మేం ఉండేది టెక్సాస్‌లో, ఆస్టిన్‌కి ఉత్తరాన రౌండ్ రాక్‌లో. ఇక్కణ్ణుంచి కారులో కాసేపు తూర్పుకి పోతే ఎల్గిన్ వస్తుంది. 1882లో మొదలైన సౌత్‌సైడ్ మార్కెట్ అనే సాసేజ్ కొట్టు ఆ ఊళ్ళోదే. 1995లో రాష్ట్ర శాసనసభ ఆ ఊరిని టెక్సాస్ సాసేజ్ రాజధాని అని ప్రకటించింది. పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్లు, చెక్‌లు వచ్చి స్థిరపడ్డ ప్రాంతం కావడంతో ఊరూరా మాంసం కొట్టు, దాని వెనకాల మాంసానికి పొగబెట్టే పొగగది ఉండేవి. ఎల్గిన్ వాళ్ళ సాసేజ్ గొడ్డుమాంసంతో, ముతకగా, కారంగా ఉంటుంది. కారం అన్నాను గానీ గుంటూరు నాలుకకి అది కారం లెక్కలోకి రాదు. నేను ఇంట్లో మొదలుపెట్టడానికి అసలు కారణం అదే.

మా ఇంట్లో రెండు రకాలు అవుతాయి. పోర్క్‌తో ఒకటి, చికెన్ తొడ మాంసంతో ఒకటి. మా మామయ్య గారు తెనాలి నుంచి వస్తే ఆరు నెలలుంటారు, ఆయన పంది మాంసం ముట్టరు. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, సామాను కొనేటప్పుడు ఇది కూడా లెక్కలోకి వచ్చింది.

మొదట్లో నా దగ్గర ఉన్నది పిండి కలిపే స్టాండ్ మిక్సర్, దాని ముందు తగిలించే గ్రైండర్ అటాచ్‌మెంట్. రెండు మూడు పౌండ్ల మాంసానికి అది సరిపోతుంది. నెమ్మదే గానీ కీమా బాగానే వస్తుంది. తంటా అంతా పేగులో నింపే దగ్గర. అటాచ్‌మెంట్‌లో కత్తి తీసేసి, ముందు గొట్టం బిగిస్తే, లోపలి స్క్రూయే మసాలా కలిపిన కీమాని గొట్టంలోకి తోయాలి. ఆ స్క్రూ పుట్టింది మాంసం ముక్కల్ని కత్తి దాకా లాక్కుపోవడానికి. మెత్తటి, జిగురు కీమా దానికి చిక్కితే ముందుకి తోసేదానికంటే అక్కడక్కడే తిప్పి నలిపేదే ఎక్కువ. పైనుంచి చెక్క రోకలితో ఒత్తుతూనే ఉండాలి. ఒత్తిన ప్రతి ముద్దతో పాటు గాలి కూడా లోపలికి పోతుంది. ఈలోగా రాపిడికి వేడెక్కి కొవ్వు కరగడం మొదలవుతుంది. అప్పటిదాకా తెల్లటి చుక్కలుగా విడివిడిగా కనిపించిన కొవ్వు, గులాబీ రంగు పేస్టులా మాంసానికంతా పూసుకుపోతుంది. అలాంటి సాసేజ్ పెనం మీద పెడితే కొవ్వంతా బయటికి కారిపోయి లోపల పొడిపొడిగా మిగులుతుంది. ఒకళ్ళు ఒత్తాలి, ఒకళ్ళు పేగు పట్టుకోవాలి, అయిదు పౌండ్లు నింపేసరికి సాయంత్రం అయిపోయేది. మా ఆయనైతే, "దీనికన్నా ఎల్గిన్ వెళ్ళి తినొచ్చెయ్యడం నయం కదే" అనేవారు.

అందుకే ముందు స్టఫర్ కొన్నాను. నిలువుగా ఉండే స్టీలు సిలిండర్, అందులోకి పైనుంచి దిగే పిస్టన్, దాన్ని దించడానికి పళ్ళ కడ్డీ, గేర్లు, పక్కన చేత్తో తిప్పే హ్యాండిల్, అడుగున ముందుకి పొడుచుకొచ్చిన గొట్టం. అంతే. కరెంటు లేదు, మోటారు లేదు. డబ్బా విప్పి టేబుల్ మీద పెట్టగానే మామయ్య గారు చుట్టూ తిరిగి చూసి, "ఇది జంతికల గొట్టమేగా అమ్మాయ్, దీనికి 130 డాలర్లా?" అన్నారు. జంతికల గొట్టమే మామయ్యా, కాకపోతే గేర్లున్న జంతికల గొట్టం.

ఆ గేర్ల దగ్గరే కొనేవాళ్ళు జాగ్రత్త పడాలి. చవక రకాల్లో గేర్లు ప్లాస్టిక్‌వి ఉంటాయి. చల్లటి గట్టి కీమాని సన్నటి గొట్టంలోంచి తోసేటప్పుడు వాటి పళ్ళు అరిగిపోతాయి. ఇనుప గేర్లు ఉన్నదే తీసుకోవాలి. రెండు స్పీడులు ఉంటే మంచిది: నింపేటప్పుడు నెమ్మది గేరు, పిస్టన్ పైకి లాగేటప్పుడు జోరు గేరు. పిస్టన్ అంచున సిలికోన్ రింగు ఉంటుంది, కీమా దాన్ని దాటి పైకి రాకుండా. పిస్టన్ మీద చిన్న గాలి వాల్వు కూడా ఉండాలి. అది లేకపోతే సిలిండర్‌లో చిక్కుకున్న గాలి పోవడానికి ఉన్న దారి ఒకటే, మీ సాసేజ్.

ఇక సైజు. 5 పౌండ్లదా, 10దా, 15దా అని తెగ చదివాను. ఒకేసారి ఎక్కువ పడుతుంది కదా అని పెద్దదాని మీదికి మనసు పోతుంది. కానీ సిలిండర్ వెడల్పు పెరిగేకొద్దీ, గొట్టంలో అదే ఒత్తిడి రావాలంటే పిస్టన్‌ని అంతకంతా బలంగా తోయాలి. పోర్క్‌కి వాడే పంది పేగు 32 నుంచి 35 మిల్లీమీటర్లు ఉంటుంది, దానికి లావు గొట్టం పడుతుంది గనక పెద్ద సిలిండర్ అయినా ఇబ్బంది లేదు. చికెన్‌కి నేను వాడేది గొర్రె పేగు, 22 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. దానికి చిటికెన వేలంత గొట్టం బిగించాలి. పెద్ద సిలిండర్‌తో అంత సన్న గొట్టంలోంచి తోయాలంటే హ్యాండిల్ తిప్పేవాళ్ళ భుజం పడిపోతుంది. డెబ్భై దాటిన మనిషి కూడా కూర్చుని తిప్పగలగాలి అన్నది మా ఇంటి షరతు. 5 పౌండ్లదే తీసుకున్నాం. రెండుసార్లు నింపుకుంటే పది పౌండ్లు, పోయిందేమీ లేదు.

ఒక్క చిక్కు మాత్రం వచ్చింది. దాంతో పాటు ఇచ్చిన బిగింపు క్లాంపులు మా వంటింటి గ్రానైట్ గట్టు అంచుకి పట్టలేదు. బిగించకుండా తిప్పితే మొత్తం యంత్రమే చేతితో పాటు తిరుగుతుంది. మా ఆయన మందపాటి ప్లైవుడ్ ముక్క తెచ్చి, స్టఫర్‌ని దానికి బోల్టులతో బిగించి, ఆ చెక్కని భోజనాల బల్లకి పెద్ద క్లాంపులతో పట్టేశారు. ఆ చెక్కకి అయిన ఖర్చు అయిదారు డాలర్లు. దాంతో వచ్చిన సుఖం స్టఫర్‌తో సమానం.

పేగు పని చెప్పాలి. ఉప్పులో వేసి ప్యాకెట్లలో వస్తాయి. ఉప్పు కడిగి గోరువెచ్చటి నీళ్ళలో అరగంటకి తగ్గకుండా నానబెడతాను. తర్వాత ఒక కొస కుళాయికి తగిలించి లోపలికి నీళ్ళు వదిలితే, నీటి బుడగ ఒకటి ఆ చివరి దాకా మెల్లగా జారుకుంటూ పోతుంది. ఎక్కడైనా చిల్లు ఉంటే సన్నటి ధార చిమ్మి అక్కడే పట్టిస్తుంది. ఆ పని మామయ్య గారిదే. బోటి శుభ్రం చేయడం చూసి పెరిగిన మనిషి, పేగు అంటే అసహ్యం లేదు. "ఇక్కడ తెగింది, ఈ ముక్క తీసెయ్" అని ఎంత శ్రద్ధగా చెబుతారో. పేగుని తడి గొట్టం మీదికి మడతలు మడతలుగా ఎక్కించి, కొస ముడేయకుండా వదిలి, ఆయన్ని హ్యాండిల్ తిప్పమంటాను. ముందు గొట్టంలో ఉన్న గాలి ఫుస్సుమని పోతుంది, వెనకే కీమా తల కనిపిస్తుంది. అప్పుడు ముడి. అక్కణ్ణుంచి పనంతా ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య నడుస్తుంది. పేగుని గొట్టం మూతి దగ్గర కాస్త బిగించి పట్టుకుంటే లావుగా నిండుతుంది, వదిలేస్తే బక్కగా జారిపోతుంది. మరీ లావుగా నింపితే తర్వాత మెలితిప్పేటప్పుడు పగులుతుంది. వేళ్ళకి అలవాటయ్యాక, నింపుతున్నది కళ్ళతో చూడక్కర్లేదు. "ఆపండి" అంటే మామయ్య గారు టక్కున ఆపుతారు. గేరు యంత్రం సుఖం అదే, తిప్పడం ఆపితే కీమా ఆగిపోతుంది. పాత పద్ధతిలో మోటారు కట్టేసి పరుగెత్తాల్సి వచ్చేది.

చివరికి అడుగున, మలుపు దగ్గర, పిస్టన్ అందుకోలేని కీమా కొంత మిగులుతుంది. ఏ స్టఫర్‌కైనా ఇది తప్పదు. దాన్ని ఉండలు చేసి పెనం మీద కాలిస్తే ఆ రాత్రి భోజనంలోకి అదే కూర. చుట్టగా పేర్చిన సాసేజ్‌లో ఎక్కడైనా గాలి బుడగ కనిపిస్తే సూదితో గుచ్చి, జానెడు జానెడుకి నొక్కి, ఒకటి విడిచి ఒకటి మెలితిప్పి, ట్రేలో పెట్టి మూత లేకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతాను. పేగు ఆరి మాంసానికి అతుక్కుంటుంది. కొరికినప్పుడు వచ్చే ఆ 'టప్' శబ్దం సగం ఈ ఆరబెట్టడం వల్లే.

స్టఫర్ వచ్చాక చాలాకాలం పాత అటాచ్‌మెంట్‌తోనే కీమా కొట్టుకున్నాను, సాసేజ్ బ్రహ్మాండంగా వచ్చేది. గ్రైండర్ మార్చింది రుచి కోసం కాదు, మొత్తం పెరగడం వల్ల. పండక్కి నాలుగు కుటుంబాలు కలిస్తే ఇరవై పౌండ్లు కావాలి. ఆ చిన్న మూతిలో వేలెడంత ముక్కలు ఒక్కొక్కటే వేస్తూ ఇరవై పౌండ్లంటే, చివరి ముక్కలు పడేసరికి మొదటివి వెచ్చబడిపోతాయి.

గ్రైండర్ డబ్బాల మీద రాసే వాట్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, అక్కడే జనం మోసపోతారు. 2000 వాట్లు, 3000 వాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అమెరికా ఇళ్ళలో మామూలు ప్లగ్గు 120 వోల్టులు, 15 ఆంపియర్లు. గుణిస్తే 1800 వాట్లు. అంతకు మించి ఆ ప్లగ్గులోంచి నిలకడగా లాగలేరు, బ్రేకర్ పడిపోతుంది. మరి 3000 ఎక్కణ్ణుంచి వచ్చింది? మోటారు బిగుసుకుపోయిన క్షణంలో లాగే కరెంటుతో వేసిన లెక్క అది. మాంసం కోసే శక్తి కాదు. చూడాల్సింది హార్స్‌పవర్, అది కూడా నడుస్తున్నప్పటిది. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. ఇంటి అవసరానికి ముప్పావు హార్స్‌పవర్ నిజమైనది ఉంటే ధారాళం. దానికంటే ముఖ్యం సైజు నంబరు. 8, 12, 22, 32 అని ఉంటాయి. 8వ నంబరు ప్లేటు (కీమా బయటికొచ్చే చిల్లుల బిళ్ళ) వ్యాసం 62 మిల్లీమీటర్లు, 12వది 70, 22వది 82. నేను 12 తీసుకున్నాను. ఈ నంబర్లు పాతకాలం నుంచీ ఉన్న కొలతలు గనక, ఒక కంపెనీ యంత్రానికి ఇంకో కంపెనీ ప్లేటు చాలావరకు పట్టేస్తుంది. సొంత కొలతలతో చేసే యంత్రం కొంటే, కత్తి మొద్దుబారిన రోజున విడిభాగం కోసం వెతుక్కోవాలి.

కొత్తది కొనలేదు. టెక్సాస్‌లో జింకల వేట నవంబరు నుంచి జనవరి దాకా నడుస్తుంది. వేటాడినవాళ్ళు మాంసం ఇంట్లోనే కొట్టుకుంటారు. సీజను అయ్యాక గరాజ్ ఖాళీ చేసుకునేవాళ్ళూ, ఇంకా పెద్దది కొనుక్కునేవాళ్ళూ పాతవి అమ్మేస్తారు. ఫిబ్రవరిలో అలా దొరికింది. అమ్మిన పెద్దాయన చెక్ కుటుంబం వాడు. చూడ్డానికి వెళ్తే ముందు కత్తి, ప్లేటు చేతిలో పెట్టి, "మోటారు కాదు, ఇవి చూసుకోండి" అన్నాడు. కత్తి చదునైన వైపు ప్లేటుకి పూర్తిగా ఆనుకోవాలి. రెండింటినీ కలిపి వెలుతురుకి పట్టుకుంటే మధ్యలో సందు కనిపించకూడదు. సందు ఉంటే కోయదు, నలుపుతుంది. నరాలు, పొరలు తెగకుండా కత్తికి చుట్టుకుంటాయి. అప్పుడు ఎంత పెద్ద మోటారైనా ఒకటే. కత్తిని తిరగేసి బిగించినా అంతే, చదును వైపు ఎప్పుడూ ప్లేటు వైపే ఉండాలి. ఒక్కసారి వాడిన కత్తిని, దానితో అరిగిన ప్లేటునీ జతగానే ఉంచాలని కూడా ఆయనే చెప్పాడు. ఇప్పుడు నా దగ్గర రెండు జతలు ఉన్నాయి, ఒకటి పోర్క్‌కి, ఒకటి చికెన్‌కి. చికెన్ ముందు కొట్టి, నింపి, పక్కన పెట్టాకే పోర్క్ బయటికి వస్తుంది. ఎర్ర టేపు చుట్టిన డబ్బా పోర్క్‌ది. మామయ్య గారు అడగరు, కానీ టేపు రంగు చూసుకుంటారు.

కొత్త గ్రైండర్‌తో ఇరవై పౌండ్లు కాఫీ తాగినంత సేపట్లో అయిపోతుంది. ఆ వేగమే మాంసాన్ని చల్లగా ఉంచుతుంది. ముక్కల్ని ముందుగా ట్రేలో పరిచి, అంచులు గట్టిపడేదాకా ఫ్రీజర్‌లో పెడతాను. గ్రైండర్ తల, స్క్రూ, కత్తి, ప్లేటు కూడా ఫ్రీజర్‌లోనే. కీమా 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకూడదు, దాటితే మళ్ళీ ఫ్రీజర్‌లోకి. అల్యూమినియం తల ఉన్న గ్రైండర్లని డిష్‌వాషర్‌లో వేయకండి. నల్లగా మారి, ముట్టుకుంటే చేతికి బూడిద అంటుకుంటుంది. చేత్తో కడిగి తుడిచి ఆరబెట్టడమే.

మరి పాత స్టాండ్ మిక్సర్ ఏమైంది? దానికి ఇప్పుడు అసలైన పని దొరికింది. కీమాలో ఉప్పు వేసి బాగా కలిపితే మాంసంలోని ప్రొటీన్ బయటికొచ్చి జిగురవుతుంది. ఆ జిగురే నీటినీ కొవ్వునీ పట్టి ఉంచేది. చేత్తో కలిపితే మంచు చల్లదనానికి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. మిక్సర్‌కి చదును ప్యాడిల్ పెట్టి, తక్కువ స్పీడులో, నాలుగైదు పౌండ్ల చొప్పున తిప్పితే రెండు మూడు నిమిషాల పని. ఒక ముద్ద తీసి అరచేతికి ఒత్తి బోర్లించండి. పడకుండా అంటుకుని ఉంటే అయినట్టే. ప్రత్యేకంగా మాంసం కలిపే మెషీన్లు అమ్ముతారు, ఇంటికి అవి దండగ.

కొలతల విషయంలో స్పూన్లు మానేసి, పదో వంతు గ్రాము చూపించే చిన్న తూకం కొన్నాను. మొత్తం సామానులో చవకైంది, అన్నిటికన్నా ఎక్కువ వాడేది. అయిదు పౌండ్లంటే 2268 గ్రాములు. ఉప్పు 1.7 శాతం, అంటే 39 గ్రాములకి కాస్త తక్కువ. పోర్క్ బట్ అని అమ్మే భుజం ముక్కలో కొవ్వు ఇంచుమించు 30 శాతం ఉంటుంది గనక విడిగా కలపక్కర్లేదు. చికెన్‌కి చర్మంతో ఉన్న తొడలే తీసుకోవాలి, రొమ్ము మాంసంతో చేస్తే పీచు నమిలినట్టే. గుంటూరు కారం, వేయించి దంచిన ధనియాలు, మిరియాలు, వెల్లుల్లి, గుప్పెడు ఐసు నీళ్ళు. గోంగూర సాసేజ్ చేయాలని చాలామంది ఉబలాటపడతారు. పులుపు ముందే కలిపితే ప్రొటీన్ నీటిని వదిలేసి సాసేజ్ రవ్వరవ్వగా విడిపోతుంది. గోంగూరని వేయించి, నీరంతా ఇగిరించి, చల్లార్చి, కలపడం అంతా అయ్యాక చివర్లో కొద్దిగా వేయాలి. అదీ కొద్దిగానే.

పొగబెట్టే రకానికి ఆ చిన్న తూకం తప్పనిసరి. తక్కువ వేడిలో గంటల తరబడి పొగలో ఉండే మాంసంలో బొట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు కలిగించే క్రిమి పెరిగే ప్రమాదం ఉంది. దానికి విరుగుడుగా క్యూర్ నంబర్ 1 అనే, గులాబీ రంగు వేసిన ప్రత్యేక ఉప్పు కలుపుతారు. అందులో 6.25 శాతం సోడియం నైట్రైట్, మిగతాది మామూలు ఉప్పు. మాంసం బరువులో పావు శాతం చాలు, అయిదు పౌండ్లకి 5.7 గ్రాములు. ఎక్కువైతే విషం, కంటి అంచనాతో వేసే వస్తువు కాదు. మామూలు ఉప్పు డబ్బా పక్కన పెట్టను, దాన్ని మందుల అరలో తాళం వేసి ఉంచుతాను. ఆ రోజుకారోజు కాల్చుకునే పచ్చి సాసేజ్‌కి దీని అవసరమే లేదు. ఏదైనా సరే, కాల్చేటప్పుడు లోపల థర్మామీటర్ గుచ్చి చూడాలి: పోర్క్ 160, చికెన్ 165 డిగ్రీల ఫారెన్‌హీట్.

ఇంకా ఏం కొనాలనుంది అంటే, గాలి తీసి ప్యాకెట్ మూసే వాక్యూమ్ సీలర్ ఎలాగూ ఉంది. మోటారు స్టఫర్ వద్దనుకున్నాను, చేతి కింద ఆపగలిగే హాయి దానికి ఉండదు. మా ఆయనకి పొగగది కట్టాలని ఉంది, పెరట్లో కొలతలు కూడా వేశారు. ఇళ్ళ అసోసియేషన్ ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా పాత గ్రిల్‌లో ఒక పక్క నిప్పు, ఇంకో పక్క సాసేజ్, మధ్యలో పెకాన్ చెక్క ముక్కలు, పని నడిచిపోతోంది.